ఆమె గొట్టంలో నా ఉమ్మి

పుంగనూరు పక్కన మా ఊరి బడిలో ఉమ్మి పరీక్ష పెట్టారు. ఆకువక్క, పొగాకు నమిలేవాళ్లు చిన్న గొట్టంలో ఉమ్మి ఇస్తే, చేతిలో పట్టేంత పెట్టెలో పెట్టి నోటి క్యాన్సర్ జాడ ముందే చెప్తారట. నేనూ, మా మరిది భార్యా పోయాం. నాకంటే పొగాకు ఎక్కువ నమిలేది ఆమే.

నర్సమ్మ గొట్టాల మీద పేర్లు రాసి ఇచ్చింది. ఎదురుగా బెంచీ మీద మా ఆయన కూర్చుని ఉన్నాడు. బావ ముందు ఉమ్మడం మా ఇళ్లలో లేదు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“నా ఎంగిలి ఇంగొకరి చేతికి యాల ఇచ్చేదక్కా? నేను పోతాండా.”

“ఈడ ఇయ్యకుంటే మదనపల్లెకు పోయి ఇయ్యల్లంట. టమోటా కోతలు ఇడిసి ఎవురు పోతారు? పేరు రాసిన గొట్టం పారేస్తారా? ఇట్లియ్యి.”

నర్సమ్మ అటు తిరగగానే రెండు గొట్టాల్లోనూ నేనే ఉమ్మాను. తెలివైన పనే చేశాననుకున్నాను. ఇద్దరికీ ఏమీ లేదని కాగితాలు వచ్చాయి. చదివింది మూడో తరగతే అయినా ‘లేదు’ అన్న మాట నేనే చదివి వినిపించాను.

కొన్ని నెలలకు ఆమె బుగ్గ లోపల పుండు లేచింది. ఆమె కొడుకు కాగితం తీసి చూశాడు.

“మిషనే లేదనింది కదమ్మా. సున్నానికి నోరు కాలింటాది.”

ఆమె నా వైపు చూసింది. “మానిపోతాదిలే,” అన్నాను.

మానలేదు. నోరు తెరవలేని స్థితిలో కుప్పం ఆసుపత్రికి తీసుకుపోయాం. డాక్టరు ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. మొదట్లోనే వచ్చి ఉంటే చిన్న కోతతో పోయేదన్నాడు. అప్పుడైనా నేను నోరు విప్పలేదు. సగం దవడ తీసేసి ఇంటికి పంపారు.

నర్సమ్మ మళ్లీ పెట్టె పట్టుకుని మా వీధికి వచ్చిన రోజు, ఆమె కొడుకు అడ్డం నిలబడ్డాడు.

“నీది దొంగ పెట్టె. మాయమ్మ నోరు పోగొట్టినావు. ఈ ఊర్లో ఒగరు గూడా ఉమ్మి ఇయ్యరు, పో.”

గొట్టాల కోసం నిలబడిన ఆడవాళ్లు ఒక్కొక్కరే ఇళ్లకు మళ్లారు. వాళ్లలో పొగాకు నమలనివాళ్లు లేరు.

“అది మీయమ్మ ఉమ్మి కాదప్పా,” అన్నాను. “నాది.”

వాడు నర్సమ్మను వదిలి నా వైపు తిరిగాడు. “ఇన్నాళ్లు యాల సెప్పలేదు పెద్దమ్మా?”

“పరువు పోతాదని.”

“పోయింది మాయమ్మ దవడ,” అని లోపలికి పోయాడు.

మళ్లిన ఆడవాళ్లలో ముగ్గురు తిరిగి వచ్చి గొట్టాలు తీసుకున్నారు. తక్కినవాళ్లు రాలేదు.

ఇప్పుడు ఆమెకు గంజి తాపే పని వాడు నన్ను చేయనివ్వడు. కాచి, వడగట్టి, గిన్నె వాళ్ల గడప దగ్గర పెట్టి వస్తాను. తాపుతున్నారో, పారబోస్తున్నారో అడగలేదు.