ఇనుప గొట్టంలో వంత పాట

నా పాటను ఇంకొకరి పేరుతో అమ్మారు. కట్టింది నేను, పాడింది నేను. క్యాసెట్ అట్ట మీద పేరు మాత్రం రాజవ్వది. ఇది జరిగి నలభై ఏళ్లు దాటింది. ఇవాళ్టికీ ఆ పాట ఆమె పేరుతోనే నడుస్తోంది. మొన్న ఖతర్‌లో పనిచేసే మా అన్న మనవడు ఒక వీడియో పంపాడు. ఏషియన్ టౌన్ దగ్గర ఎవరో పిల్లవాడు స్టేజీ ఎక్కి, మొదలుపెట్టే ముందు మైకులో "ఇది రాజవ్వ పాట" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు విన్నాకే ఇది రాయడానికి కూర్చున్నాను.

ముందే చెప్పేస్తున్నాను, దయ్యాలూ భూతాలూ నేను ఏనాడూ నమ్మలేదు. మా ఊళ్లో పూనకం వచ్చినవాళ్లకు ఎదురు నిలబడి ప్రశ్నలడిగి తిట్లు తిన్నవాణ్ని. నేను బడికి పోలేదు. బస్సుల బోర్డులు, దుకాణాల మీద పేర్లు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. అలా నేర్చుకున్నవాడు ఎవరో చెప్పారని దేన్నీ ఒప్పుకోడు. పైగా ఈ సంగతిలో చనిపోయినవాళ్లు ఎవరూ లేరు. నాకు అంతుపట్టనిది అదే.

రాజవ్వ జగిత్యాల వైపు మా ఊళ్లో మా పక్కింటి మనిషి. నాకంటే పెద్దది, వరసకు అక్క. బీడీలు చేసేది. అరుగు మీద చేట ఒళ్లో పెట్టుకుని, కత్తెరతో ఆకు కత్తిరిస్తూ పొద్దంతా కూర్చునేది. నేను ఏ పాట కట్టినా ముందు ఆ అరుగు దగ్గరే పాడేవాణ్ని.

మా వైపు పాట ఒక్కడే పాడేది కాదు. పాటగాడు ఒక వరస అని ఆగుతాడు. వంత పాడేవాళ్లు ఆ చివరి మాటలు అందుకుంటారు. వాళ్లు అందుకునే లోపల పాటగాడు ఊపిరి తీసుకుని తరువాతి వరసకు సిద్ధమవుతాడు. అందుకే పాట కట్టేటప్పుడే వంతకు జాగా వదిలి కట్టాలి. ఆఖరి చరణంలో కట్టినవాడి పేరు వస్తుంది. రాజవ్వ తల ఎత్తేది కాదు, చేతిలో కత్తెర ఆపేది కాదు, వంత మాత్రం ఒక్కటీ తప్పేది కాదు. నేను ఒప్పుకుంటున్నాను, మంచి గొంతు. కానీ వంత పాడినంత మాత్రాన పాట ఆమెదైపోతుందా? ఎవరినైనా అడగండి.

గల్ఫ్‌లో నూనె డబ్బు పొంగిన రోజుల్లో నేను ఖతర్ పోయాను. మా ఊరివాళ్లకు అదీ దుబాయే. అల్ రయ్యాన్ దాటాక, ఇసుకలో మా క్యాంప్ ఉండేది. పక్కనే కంపెనీ గొట్టాలు దించే మైదానం. క్రేన్ దించే ప్రతి గొట్టం కింద, దొర్లిపోకుండా చెక్క దిమ్మలు పెట్టడం నా డ్యూటీ. ఫోర్‌మన్ "యల్లా, యల్లా" అని తొందరపెడుతూనే ఉండేవాడు. నేను లోలోపల చరణాలు కట్టుకుంటూనే ఉండేవాణ్ని. నేను పోయింది దిమ్మలు పెట్టడానికి కాదు. పాటగాడిగా పేరు తెచ్చుకోవాలి, నా పాటలు నా పేరుతో నాలుగు ఊళ్లలో మోగాలి. ఊళ్లో దొరకని టేప్ రికార్డర్ అక్కడ ప్రతి గదిలో ఉండేది.

ఎందుకంటే ఆ రోజుల్లో మావాళ్లు ఇంటికి ఉత్తరం రాసేవాళ్లు కాదు. రాయడం వచ్చినవాళ్లు తక్కువ. చెప్పాలనుకున్నదంతా క్యాసెట్‌లో మాట్లాడి, సెలవు మీద పోయేవాడి చేతికి ఇచ్చేవాళ్లు. ఇంటివాళ్లు అదే క్యాసెట్ మీద జవాబు మాట్లాడి పంపేవాళ్లు. మాట పోతున్నప్పుడు పాట ఎందుకు పోదు అనుకున్నాను. నేనే పాడి, నేనే రికార్డు చేసి, కాపీలు తీయించి క్యాంపులకు పంపేవాణ్ని. నా వెనక ఏ కంపెనీ లేదు, డప్పు కూడా లేదు. అయినా శుక్రవారాలు వేరే క్యాంపులవాళ్లు వచ్చి "లింగన్న ఎవరు?" అని అడిగేదాకా వచ్చింది. దోహాలో మన తెలుగు ఇంజినీర్లు, వాళ్ల కుటుంబాలు కలిసి చలికాలంలో ఒక కార్యక్రమం చేసేవాళ్లు. ఆ స్టేజీ మీద పాడితే చాలు అనుకున్నాను. దానికోసమే ఒక కొత్త పాట కట్టాను.

నీళ్లు లేని నేల మీద నూనె ఊట ఊరెనమ్మ
నూనె మొయ్య నేను వస్తి, నా నీళ్లెవరు మోసిరమ్మ

ఇది పూర్తిగా ఖతర్‌లో కట్టిన పాట. ఊళ్లో ఎవరూ వినలేదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

గదిలో ఏసీ మోత, బయట గాలి మోత. రికార్డింగ్‌కు ఎక్కడా కుదరలేదు. అప్పుడు గొట్టం గుర్తుకొచ్చింది. మనిషి లోపల కూర్చోగలిగినంత పెద్ద గొట్టాలు అవి. ఒక శుక్రవారం పొద్దున, ఎండ ఎక్కకముందే, ఒక గొట్టానికి అటువైపు కంబళి కట్టి లోపలికి పోయాను. ఇటువైపు మూతి దగ్గర నా గదివాడు సత్తెన్నను కాపలా కూర్చోబెట్టాను. నిర్మల్ మనిషి, ప్రాణం ఇస్తాడు. కానీ గొంతు విప్పితే క్రేన్ చప్పుడే నయం. అందుకే వంత పాడొద్దని ఒట్టు వేయించుకున్నాను. క్యాసెట్ కొత్తది. మీద కాగితం నా చేత్తోనే చించాను.

వంత లేకపోయినా, ప్రతి వరస తరువాత జాగా వదులుతూనే పాడాను. వదలకుండా పాడడం నాకు రాదు. ఆగిన చోటల్లా గొట్టం నా గొంతునే కొంచెంసేపు తిప్పి, వదిలేసింది. బయటికి వచ్చాక సత్తెన్న అడిగాడు.

"ఏందే, మర్చిపోతున్నవా? నడుమ నడుమ సప్పుడు జేస్తలేవు."

అంటే ఆ జాగాల్లో అతనికి ఏమీ వినపడలేదు. నాకూ వినపడలేదు. పడిందో లేదో చూద్దామని మొదటి వరస మాత్రం విన్నాను. సెల్లులు అయిపోతున్నాయని ఆపేశాను. ఆ సాయంత్రమే కంపెనీ బస్సులో సూక్ బజారుకు పోయి, కాపీలు తీసి క్యాంపులకు అమ్మే షాపులో ఇచ్చి వచ్చాను.

కొన్ని వారాలకు మెస్‌లో రొట్టె తింటుంటే పక్క గదిలో నా పాట మొదలైంది. గర్వంగా తల ఎత్తాను. నా వరస అయిపోయింది. నేను వదిలిన జాగాలో ఆడమనిషి గొంతు "నీళ్లెవరు మోసిరమ్మ" అని అందుకుంది.

ఆ చుట్టుపక్కల ఆడమనిషి అన్నదే లేదు. నాకు భయం వేయలేదు, ఒళ్లు మండింది. షాపు సేటు ఎవరినో తెచ్చి నా పాటలో దూర్చాడనుకున్నాను. పక్క గదికి పోయి క్యాసెట్ అట్ట చూశాను. 'రాజవ్వ పాట' అని ఉంది. లింగయ్య అన్న నా పేరు ఎక్కడా లేదు.

ఆ శుక్రవారమే షాపుకు పోయి సేటు మీద పడ్డాను. ఆయన హైదరాబాద్ పాతబస్తీ మనిషి, అసలు కోపం తెచ్చుకోలేదు.

"అరే భాయ్, లొల్లి తర్వాత పెట్టు. ముందు విను. పేరు నేను పెట్టలే, ఆమెనే చెప్తున్నది."

నేను ఇచ్చిన అసలు క్యాసెటే పెట్టాడు. మీద నా గుర్తు ఉంది, అది మారలేదు. షాపులో ఉన్నవి తీగతో కలిపిన రెండు టేప్ రికార్డర్లు, అంతే. ఒక గొంతు పక్కన ఇంకో గొంతు చేర్చే యంత్రం అక్కడ లేదు. క్యాసెట్ తిరిగింది. వరస తరువాత వరస ఆమె అందుకుంటోంది, ఎక్కడా ముందు కాదు, వెనక కాదు. ఆ గొంతు వెనక టక్, టక్ అని చిన్న చప్పుడు. ఆఖరి చరణం వచ్చింది. నేను పాడింది ఇది.

ఇసుక తిన్న గొంతుతోటి ఈ పాట గట్టె లింగన్న

వంత "పాట గట్టె లింగన్న" అని అందుకోవాలి. క్యాసెట్‌లో వంత అలా అనలేదు. "పాట మోసె రాజవ్వ" అంది.

ఆ గొంతు నాకు తెలుసు. ఏళ్ల తరబడి ఆ అరుగు దగ్గర విన్న గొంతు. సేటు చాయ్ తెప్పించాడు. ఎవరు ఆమె, నీ ఇంటావిడా అని అడిగాడు. ఆమె ఊళ్లో బీడీలు చేస్తోందని చెబితే నన్ను పిచ్చివాడనుకుంటాడని, చాయ్ తాగేసి బస్సు ఎక్కాను.

తరువాత నాకు తోచిన పరీక్షలన్నీ చేశాను. అదే గొట్టంలో, అదే కంబళి కట్టి, మళ్లీ పాడాను. జాగాలు ఖాళీగానే వచ్చాయి. సత్తెన్న చేత వంత పాడించాను. సత్తెన్న గొంతే వచ్చింది. టక్ టక్ చప్పుడు ఎండకు ఇనుము సాగే చప్పుడని సత్తెన్న అన్నాడు. కావచ్చు. మరి రెండోసారి ఎందుకు రాలేదు?

క్యాంపులో నన్ను ఆడుకున్నారు. "ఏమే లింగన్నా, రాజవ్వను ఏ గొట్టంల దాశినవే?" అని డ్యూటీ బస్సులో అడిగేవాళ్లు. అది పడొచ్చు. స్టేజీ సంగతి మాత్రం పడలేకపోయాను. కార్యక్రమం చూసుకునే ఇంజినీరుగారి దగ్గరికి పోయి, ఆ పాట నాది, నన్ను పాడనివ్వండి అన్నాను. గోదావరి వైపు మనిషి, మర్యాదగానే మాట్లాడారు.

"అది ఆడగొంతు పాట కదయ్యా, మా ఇంట్లో రోజూ మోగుతోంది. ఆ రాజవ్వ గారిని కూడా తీసుకురా, ఇద్దరూ పాడుదురుగాని."

మగగొంతు కూడా ఉంది, అది నాది అన్నాను. ఆయన ఆలోచించి, "అవును, వెనకాల ఎవరో పాడుతుంటారు" అన్నారు.

నా పాటలో నేను వెనకాల ఎవరోనట. ఆ చలికాలం స్టేజీ వేరేవాళ్లకు పోయింది. ఆ తరువాత కూడా నేను ఎక్కడ గొంతు విప్పినా "రాజవ్వ పాట పాడు" అనేవాళ్లు. నా పేరుతో అడిగినవాడు లేడు. కొత్త పాటలు కట్టాను. వంత లేకుండా కాపీలు పోయాయి, ఎవరికీ పట్టలేదు.

చివరికి రాజక్కనే అడుగుదామనుకున్నాను. సత్తెన్న సెలవు మీద పోతుంటే ఒక క్యాసెట్ మాట్లాడి ఇచ్చాను. కోపంగానే మాట్లాడాను. నా పాటలోకి ఎట్లా వచ్చావు, నా పేరు ఉండాల్సిన చోట నీ పేరు ఎందుకు పెట్టావు అని అడిగాను. కానీ పాటలో ఒక్క మాట కూడా చెప్పలేదు. ఆమెకు పాట తెలుసో తెలియదో తేల్చుకోవాలని కావాలనే దాచాను. సత్తెన్నకు కూడా గట్టిగా చెప్పాను, నోరు జారొద్దని. వాడు జారలేదని ఇప్పటికీ నమ్ముతున్నాను.

నెలల తరువాత వాడు తిరిగి వచ్చి అదే క్యాసెట్ చేతికిచ్చాడు. నా ప్రశ్న వింటున్నంతసేపూ రాజక్క కత్తెర ఆపలేదట. విన్నాక నవ్వి, రికార్డు చెయ్యమని సైగ చేసిందట.

గదిలో సత్తెన్నా నేనూ విన్నాం. ముందు మాట లేదు. టక్, టక్ అని ఆకు కత్తిరించే చప్పుడు. సత్తెన్న నా ముఖం చూశాడు. మళ్లీ ఇనుము మాట ఎత్తలేదు.

ఎవరో ఖతర్ నుంచి ఆ క్యాసెట్ ఊరికి తీసుకుపోయి ఉంటారు, ఆమె విని ఉంటుంది అని అనుకుని చూశాను. విని ఉండొచ్చు. కానీ అది పాట అమ్ముడుపోయిన తరువాతి మాట. గొట్టంలో నేను పాడుతున్నప్పుడు ఎట్లా అందుకుంది? ఎదురుగా కూర్చుని అడుగుదామంటే, నేను ఖతర్ వదిలి వచ్చేసరికి ఆమె కూతురి వెంట మహారాష్ట్రలో భీవండి పోయింది. మళ్లీ కలవలేదు. నా పాట మీద నా పేరు లేదన్న కోపం నాకు తగ్గలేదు. కానీ ఎవరి మీద కోపమో చెప్పమంటే చెప్పలేను. దయ్యమందామా, మనిషి బతికే ఉంది. మోసమందామా, మోసం చేసినవాడు దొరకలేదు. నాకు తెలిసిన చదువులో దీనికి జవాబు లేదు. నా దగ్గర ఉన్నది ఆమె ఇచ్చిన జవాబు ఒక్కటే. విన్నది విన్నట్టు రాస్తున్నాను.

"తమ్మీ లింగా, నేను దుబాయికి ఎట్లొస్తరా? అరుగు మీదనే ఉన్న, ఆకు కత్తిరిచ్చుకుంట. నీళ్లెవరు మోసిరమ్మ అని నువ్వు అడుగుడు ఇనవడ్డది. అడిగి ఆగినవ్. ఎప్పటి లెక్కనే అందుకున్న, పాట కింద పడొద్దని. ఆఖర్ల నీ పేరు నువ్వు జెప్పుకున్నవ్, మంచిదే. చెప్పి మళ్ల జాగ ఇడిసినవ్ గదా. ఆ జాగల ఇంకెవల పేరు పెట్టాలె మరి?"