తొమ్మిది రేకులు

మొన్న మంగళవారం పొద్దున పైడమ్మ కొట్టు ముందు నిలబడి టీ తాగుతున్నాను. రామభద్రపురం వైపు నుంచి ఒక చప్పుడు వినిపించింది. లారీల ఊళ్ళో పుట్టి పెరిగినవాణ్ణి. సాలూరు మెయిన్ రోడ్డు మీద ఏ బండి పోతోందో తల తిప్పకుండా చెప్పగలను. ఇది లారీ కాదు, జీపు కాదు, ఇప్పటి కార్లలో ఏదీ కాదు. కుట్టుమిషను తొక్కుతున్నట్టు టకటకమనే చప్పుడు, దాని వెనకాల సన్నటి గాలి రొద. గ్లాసు పట్టుకున్న చెయ్యి అలాగే ఆగిపోయింది. పైడమ్మ కూడా పొయ్యి దగ్గర నుంచి తలెత్తింది. "డాక్టరమ్మ బండి కాదేటి?" అంది. అదే. పాలమీగడ రంగు పోయి ఎర్ర రంగు వచ్చింది, అంతే తేడా. శ్రీకాకుళం నుంచి వచ్చిన కుర్ర కాంట్రాక్టరు ఒకాయన మా మెకానిక్ షెడ్డు ముందు దిగి, ఈమధ్యే కొన్నానని, ఆయిలు కారుతోందని చెప్పాడు. నేను ఆయిలు సంగతి వినిపించుకోలేదు. బండి వెనక్కి వెళ్ళి, ఈ వయసులో నేల మీద వెల్లకిలా పడుకుని, ఇంజను కింద రెండు రేకులు ఉన్నాయా లేవా అని చూశాను. ఉన్నాయి. లేచి మొహం తుడుచుకోవడానికి కాసేపు పట్టింది.

డాక్టర్ రత్నకుమారి గారిని మీలో ఎవరూ చూసి ఉండరు. మా ఊరికి కొంచెం అవతల, కొండల కింద, ఒక చిన్న మిషన్ ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళు పని చేశారు. సన్నటి మనిషి. నూలు చీర, మగవాళ్ళు పెట్టుకునేంత పెద్ద చేతిగడియారం. పెళ్ళి చేసుకోలేదు. ఆసుపత్రి వెనక క్వార్టర్సులో ఒక్కరే ఉండేవారు. చీపురుపల్లిలో ఆమెకు ఒక అక్క ఉండేవారు, టీచరుగా రిటైరై, ఆమె కూడా ఒంటరిగానే. అందరికీ ఆవిడ డాక్టరమ్మే. "రత్నా" అని పిలిచే మనిషి ఈ భూమ్మీద ఆ అక్క ఒక్కతే. ఆ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. కారు, ఎప్పుడో ఆసుపత్రికి వచ్చిన దొరలు వెళ్ళిపోతూ వదిలేసిన పాతకాలపు బీటిల్. దాని గుండ్రటి వీపు చూసి పల్లెల్లో జనం కూర్మం కారు అనేవారు. శ్రీకూర్మం వెళ్ళొచ్చిన ముసలమ్మలు కొందరు దానికి దణ్ణం కూడా పెట్టేవారు. బాప్టిస్టు డాక్టరమ్మ ఎక్కేది కూర్మావతారం అని నేను ఎకసెక్కం ఆడితే, ఆవిడ నవ్వి ఊరుకునేవారు.

ఇరవై ఏళ్ళ పైమాటే, ఒక జనవరిలో, ఆయిలు కారుతోందనే ఆవిడ కూడా మొదటిసారి నా దగ్గరకు వచ్చారు. అప్పటికి నాకు ముప్పై నిండలేదు. చదువు ఏడో తరగతితో ఆపేశాను కానీ పొగరు మాత్రం డిగ్రీదాకా వెళ్ళింది. ఆ కారుకి ఇంజను వెనకాల ఉంటుంది. దానికి రేడియేటరు లేదు. "నీల్లెక్కడ పొయ్యాలమ్మా?" అని అడిగాను. "నీళ్ళక్కర్లేదు సింహాచలం. గాలే దాన్ని చల్లబరుస్తుంది" అన్నారు. నాలుగు సిలిండర్లు, పక్కకి రెండు, పక్కకి రెండు, విడివిడిగా పడుకుని ఉన్నాయి. వాటి చుట్టూ, కిందా మీదా రేకులు. లీకు అందాలంటే ఆ రేకులు తియ్యాలి. తీశాను. తిరిగి బిగించేటప్పుడు మూడు రేకులు మొరాయించాయి, మరలు తుప్పు పట్టి చేతికి విరిగి వచ్చాయి. అప్పుడు నా బుర్ర పని చేసింది. గాలితో చల్లారే ఇంజనుకు రేకులు కప్పడమేమిటి, తీసేస్తే ఇంకా బాగా గాలి ఆడుతుంది కదా అనుకున్నాను. ఇంజను బిగించాక నాలుగు నట్లు మిగలడం ఆ రోజుల్లో మా షెడ్లలో గొప్పగా చెప్పుకునే సంగతి. నాకు మూడు రేకులు మిగిలాయి. వాటిని షెడ్డు వెనక గిరాటేశాను. చలికాలం కదా, బండి హాయిగా నడిచింది. డాక్టరమ్మ నన్ను మెచ్చుకున్నారు కూడా.

మే నెల మధ్యాహ్నం చీపురుపల్లి నుంచి ఆసుపత్రికి ఫోను వచ్చింది, అక్కకు గుండెనొప్పి, వెంటనే రమ్మని. డాక్టరమ్మ ఒక్కరే బయలుదేరారు. రామభద్రపురం దాటిన కాసేపటికి ఇంజను వేడెక్కి పట్టేసింది, బండి ఆగిపోయింది. ఆ ఎండలో, చెట్టు కూడా లేని చోట, రోడ్డు మీద నిలబడి వచ్చిన ప్రతి బండికీ చెయ్యెత్తారట. చివరికి ఒక ఇటుకల లారీ ఎక్కి, తర్వాత బస్సు పట్టుకుని వెళ్ళేసరికి సాయంత్రమైంది. అక్క గంట ముందే పోయారు. పోయేదాకా గుమ్మం వైపు చూస్తూ, "రత్న బయలుదేరిందా?" అని అడుగుతూనే ఉన్నారట.

కారును లారీకి కట్టి నా షెడ్డుకి లాక్కొచ్చారు. సమాధి కార్యక్రమాలన్నీ అయ్యాక ఆవిడ వచ్చారు. "ఏమైంది దీనికి?" అని అడిగారు. "పాత బండి కదమ్మా, ఎండలు" అన్నాను. అప్పటికి నేను అబద్ధం ఆడుతున్నానని నాకే తెలియదు. నిజంగానే ఎండలనుకున్నాను. ఇంజను మొత్తం విప్పి మళ్ళీ కడదామన్నారు. ఆమె దగ్గర దాని పుస్తకం ఉంది, ఇంగ్లీషులో. ఆమె చదివి చెప్పాలి, నేను చెయ్యాలి. రోజూ ఆసుపత్రి పని అయ్యాక, నాలుగింటికి వచ్చి ఆరుదాకా కూర్చునేవారు. ఇంటికి వెళ్తే ఫోను చేసే అక్క లేదు, అందుకే వస్తున్నారని పైడమ్మ నాతో అంది. నాకు ఆ మాత్రం కూడా తోచలేదు.

మొదటి రోజు ఒక తెల్లటి గుడ్డ తెచ్చి బల్ల మీద పరిచారు. విప్పిన ప్రతి వస్తువునీ స్పిరిటుతో తుడిచి, వరసగా దాని మీద పెట్టించారు. సాయంత్రం వెళ్ళేముందు నా చేత పైకి లెక్క పెట్టించేవారు. ఏదైనా బిగించి మూసేముందు మళ్ళీ లెక్క. సరిపోతే, "ముయ్యి సింహాచలం" అనేవారు. ఆవిడ ఆ మాట అంటే తప్ప మూయడానికి వీల్లేదు. నాకు నవ్వొచ్చేది. "ఇది కడుపు కాదమ్మా, ఇంజను" అన్నాను ఒకరోజు. ఆ రోజే నేను మా షెడ్డులో పనివాణ్ణి ఒకణ్ణి, స్పానరు జారవిడిచాడని, బూతులు తిట్టాను. నా నోరు మా వీధిలో అందరికీ తెలిసిందే. డాక్టరమ్మ చేతిలో బేరింగు కింద పెట్టి నన్ను కూర్చోమన్నారు.

"కొత్తగా డాక్టరునైనప్పుడు నాకూ నీలాంటి నోరే ఉండేది" అన్నారు. "ఒకసారి ఆపరేషను చేసి కడుపు కుట్టేశాను. లోపల గాజుగుడ్డ ముక్క ఒకటి ఉండిపోయింది. లెక్క ఒకటి తగ్గిందని నర్సుకి తెలుసు. చెప్పలేదు. ఆ పేషెంటు బతకలేదు. తర్వాత, ఎందుకు చెప్పలేదే అని అడిగితే, మీరు కేకలేస్తారని భయమేసిందమ్మా అంది. అంతే. మళ్ళీ ఎవరి మీదా కేకలెయ్యలేదు."

మర్నాడు మధ్యాహ్నం ఆ పనివాడికి టీ ఇప్పించాను, అది నాకు చేతనైన క్షమాపణ.

క్రాంకు షాఫ్టు విజయనగరంలో సాన పట్టించాం. కొత్త పిస్టన్లు, సిలిండర్లు పార్సెల్లో వచ్చాయి. ఇంజను రెండు డిప్పలూ కలిపి మూసినప్పుడు, లెక్క ఒక్కటి కూడా తప్పకపోయేసరికి, ఆవిడ మొహంలో అక్క పోయాక మొదటిసారి కాస్త వెలుతురు చూశాను. ఇక రేకులే మిగిలాయి. ఆవిడ పుస్తకం తిప్పి ఒక బొమ్మ చూపించారు. ఇంజను చుట్టూ రేకులు, వాటి మధ్య నుంచి గాలి పోయే దారి బాణం గుర్తులతో గీసి ఉంది. ఇంగ్లీషు రాకపోయినా బాణాలు చదవగలను. ఆ రేకులు గాలిని ఆపడానికి కాదు, ప్రతి సిలిండరు చుట్టూ దాన్ని తిప్పడానికి. కింది వేడిని మళ్ళీ పైకి రానివ్వకుండా చూడటానికి. బొమ్మలో తొమ్మిది. గుడ్డ మీద ఆరు.

"మూడు తక్కువ. ఇదివరకు ఉండేవా?" అన్నారు.

"నేవమ్మా. నానెప్పుడూ సూడనేదు" అన్నాను.

అది నిజంగా అబద్ధం. ఆవిడ నమ్మేశారు. దొరల కాలంలోనే పోయి ఉంటాయిలే అని, వాటి కోసం మద్రాసుకి ఉత్తరం రాస్తానని వెళ్ళిపోయారు.

ఆ తర్వాత ఎనిమిది రోజులు నేను పడ్డ అవస్థ చెప్పలేను. ఆవిడ కేకలెయ్యరని నాకు తెలుసు. అయినా నోరు పెగల్లేదు. ఆ నర్సు గురించి ఆలోచించేవాణ్ణి. చెబితే ఆ షెడ్డుకి సాయంత్రం నాలుగింటికి మళ్ళీ ఎవరూ రారు. అప్పటికి నా భార్య నన్ను వదిలి పుట్టింటికి పోయి రెండేళ్ళయింది, దానికీ నా నోరే కారణం. రోజు మొత్తంలో నాతో మామూలుగా మాట్లాడే మనిషి డాక్టరమ్మ ఒక్కరే. ఆ రెండు గంటలు పోగొట్టుకోవడం నావల్ల కాలేదు. పైగా టీ తాగడానికి వెళ్ళిన ప్రతిసారీ ఆ మూడిట్లో ఒకటి ఎదురుగా కనిపించేది. షెడ్డు వెనక పడి ఉన్నదాన్ని పైడమ్మ తెచ్చుకుని, బొగ్గుల పొయ్యికి గాలి తగలకుండా అడ్డు పెట్టుకుంది. మెలి తిరిగిన రేకు కదా, పొయ్యి చుట్టూ చక్కగా అమరింది. గాలిని ఎటు తిప్పాలో నాకు తెలియలేదు కానీ పైడమ్మకు తెలిసింది.

తొమ్మిదో రోజు సాయంత్రం డాక్టరమ్మ వచ్చి కూర్చోగానే లేచి పైడమ్మ కొట్టుకి వెళ్ళి ఆ రేకు లాగేశాను. "ఏటి సింహాచలం, నా రేకట్టుకు పోతన్నావు? పొయ్యారిపోతాది" అని వెనక నుంచి అరుస్తూనే ఉంది. మసి తుడవకుండానే తెచ్చి తెల్లగుడ్డ మీద పెట్టాను.

"అమ్మా, ఇది నానే తీసేసినాను. జనవరిల. గాలాడతాదనుకున్నాను. ఆ వేళ మీ బండాగిపోనాది నా వల్లే" అన్నాను.

గుడ్డ మీద మసి మరక పడింది, ఆవిడ దానివైపే చూస్తూ ఉండిపోయారు. తర్వాత ఆ రేకును వరసలో సర్ది, మెల్లగా, "ఏడు" అన్నారు. నా వైపు తిరిగి, "ఇంకా రెండు ఎక్కడున్నాయి?" అన్నారు.

"పాతినప సామానోడికి పోనాయమ్మా."

సరేనన్నట్టు తలూపి, గుడ్డ మడత పెట్టుకోకుండానే వెళ్ళిపోయారు. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. తిట్టించుకుని ఇంటికి పోవడం నాకు అలవాటే. ఆ మౌనాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నాలుగు రోజులు రాలేదు. నేను మసి గుడ్డను మూడుసార్లు ఉతికాను. రేకులు కొట్టే ఆచారి ఒకాయన దగ్గర కూర్చుని, ఆవిడ వదిలేసి వెళ్ళిన పుస్తకంలో బొమ్మ చూపించి, పాత డబ్బా రేకుతో ఆ రెండు ముక్కలూ చేయించాను. మూడుసార్లు కొలత తప్పింది. ఆయన విసుక్కున్నాడు, నేను ఒక్క మాట అనలేదు. అయిదో రోజు నాలుగింటికి డాక్టరమ్మ వచ్చారు. గుడ్డ మీద తొమ్మిదీ వరసగా ఉన్నాయి. కొత్తవి రెండూ చేతిలోకి తీసుకుని, అంచులు వేలితో తడిమి చూశారు. అక్క గురించి గానీ, ఆ రోజు గురించి గానీ మాట్లాడలేదు. "లెక్క పెట్టు" అన్నారు. పెట్టాను. "ముయ్యి" అన్నారు, పేరు లేకుండా.

ఇంజను ఎక్కించిన రోజు నాకు బాగా గుర్తు. కింద జాకీ పెట్టి, కారు వెనక భాగంలోకి అంగుళం అంగుళం పైకి లేపాం. గేరుబాక్సు షాఫ్టు క్లచ్చులో దూరాలి. కనిపించదు, చేత్తో తెలియాలి. నేను కింద పడుకుని భుజంతో నెడుతున్నాను, ఆవిడ కొంగు బిగించి, పెద్ద స్పానరుతో పుల్లీని వెంట్రుకవాసి తిప్పుతున్నారు. "ఇంకొంచెమమ్మా. ఇంకొంచెం." టక్కున కూర్చుంది. ఇక బిగించాల్సినవి నాలుగే బోల్టులు. అంత ఇంజనూ ఆ నాలుగింటి మీదే ఆగుతుంది. తాళం తిప్పితే మూడోసారికి అంటుకుంది. ఆ టకటక చప్పుడుకి పైడమ్మ పరిగెత్తుకొచ్చింది. డాక్టరమ్మ స్టీరింగు మీద చేతులు పెట్టి కూర్చునే ఉన్నారు, కళ్ళు తుడుచుకోలేదు.

ఆదివారం చీపురుపల్లి సమాధుల దగ్గరకు వెళ్తున్నానన్నారు. "నానూ రానా అమ్మా?" అని అడిగాను.

"వద్దు. ఒక్కదాన్నే వెళ్ళాలి" అన్నారు.

బండి కనుమరుగయ్యాక కూడా చప్పుడు వినిపించినంతసేపూ రోడ్డు మీదే నిలబడ్డాను.

ఆ తర్వాత ఆవిడ రిటైరయ్యేదాకా ఆ కారు నా దగ్గరకే వచ్చింది. నన్ను క్షమించారో లేదో ఆవిడ ఎన్నడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇద్దరం లెక్క పెట్టుకునేవాళ్ళం. తర్వాత కారు అమ్మేసి, విశాఖపట్నంలో పెద్దవాళ్ళు ఉండే హోముకి వెళ్ళిపోయారు. ఒకసారి వెళ్ళి చూశాను. మళ్ళీ వెళ్దామనుకుంటూనే ఉన్నాను. ఒక లారీ ఇంజను విప్పి పని మీద ఉండగా ఎవరో చెప్పారు, డాక్టరమ్మ పోయి పది రోజులైందని. ఆఖర్న నా గురించి అడిగారో లేదో నాకు తెలియదు. నా బండి ఏదీ దారిలో ఆగిపోలేదు. నేనే బయలుదేరలేదు.

నా భార్య తిరిగి రాలేదు. కానీ నా షెడ్డులో పనివాళ్ళు ఇప్పుడు తప్పు చేస్తే వచ్చి నాకు చెబుతారు. పక్క షెడ్ల వాళ్ళకు అది వింత.

నిన్న సాయంత్రం ఎర్ర కారు పని చివరికొచ్చింది. కాంట్రాక్టరు పక్కనే ఉన్నాడు. "ఈ రెండు రేకులూ లోకల్లో కొట్టినట్టున్నాయి. మార్చేస్తారా?" అన్నాడు.

"ఇన్నేల్లూ గాలి సరిగ్గానే తిప్పినాయి బాబూ. ఉండనీండి" అన్నాను.

తెల్లగుడ్డ పరిచి, స్పిరిటుతో తుడిచి, రేకులు వరసగా పెట్టి పైకి లెక్క పెట్టాను. ఏడు. ఎనిమిది. తొమ్మిది. లెక్క సరిపోయింది. చెయ్యి స్పానరు మీద పెట్టి ఆగాను. నేను దేనికోసం ఎదురుచూస్తున్నానో అర్థంకాక కాంట్రాక్టరు నా వంక చూశాడు. ఎప్పుడూ అంతే, ఆ ఒక్క మాట కోసం కొంచెంసేపు ఆగుతాను. ఎవరూ అనరు. తర్వాత నేనే మూస్తాను.