అల్లుడుగారు పెట్టిన సాఫ్ట్‌వేర్

"మెమరీ సరిపోవడం లేదు. కొన్ని ప్రోగ్రాములు మూసెయ్యండి" అని మా ఇంటి కంప్యూటర్ చెప్పినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. మేం తెరిచింది ఒకే ఒక్క ప్రోగ్రాం. దాన్ని కూడా మూసేస్తే ఇక దాని ముందు కూర్చోవడం దేనికి?

ఆ ఒక్క ప్రోగ్రాం నా భార్య గొంతు రికార్డు చేసేది. ఆవిడ ప్రభుత్వ పాఠశాలలో తెలుగు చెప్పి రిటైరైంది. అప్పట్నుంచి చూపులేని విద్యార్థుల కోసం పాఠ్యపుస్తకాలు చదివి, రికార్డు చేసి పంపుతోంది. ఆ వేసవిలో ఆవిడ చదువుతున్నది మూసాపేటలో హాస్టల్లో ఉండే ఒకమ్మాయి కోసం. డిగ్రీ చివరి సంవత్సరం, తెలుగు మీడియం, చరిత్ర. చదివి వినిపించే యాప్‌లు ఫోన్లో ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. ఇంగ్లీషు పుస్తకాన్ని చక్కగా చదువుతాయి. పాత తెలుగు అచ్చును ఫొటో తీసి ఇస్తే ఒత్తులన్నీ మింగేసి, వినేవాళ్ళకు చరిత్ర మీదే విరక్తి పుట్టిస్తాయి. కాబట్టి ఎవరో ఒక మనిషి కూర్చుని చదవాలి. పరీక్షలు దగ్గరపడ్డాయి. పుస్తకం సగం మిగిలి ఉంది.

మా అపార్ట్‌మెంట్ మదీనాగూడలో, ముంబయి హైవేకి మరీ దూరం కాదు. ఇంట్లో రికార్డింగ్ అంటే అదొక తతంగం. మధ్యాహ్నం వాహనాల రొద కాస్త తగ్గాక కిటికీలన్నీ మూసెయ్యాలి. ఫ్యాను ఆపాలి. కాలింగ్ బెల్ స్విచ్ తీసెయ్యాలి. మే నెలలో, ఆ ఉక్కలో, ఆవిడ చెంగుతో మెడ తుడుచుకుంటూ చదివేది. నేను గుమ్మం బయట కుర్చీ వేసుకుని కూర్చుని, కొరియర్ వాళ్ళను చేతి సైగలతో ఆపేవాణ్ణి. లోపల కాకతీయులు పాలిస్తున్నారని వాళ్ళకేం తెలుసు.

పాఠం చివరికొచ్చేసరికి తెర బిగుసుకుపోయేది. మౌస్ బాణం కదిలేది కాదు. తర్వాత ఆ సందేశం వచ్చేది, రికార్డింగ్ ప్రోగ్రాం దానంతటదే మూతపడేది. చాలాసార్లు ఆవిడ చదివిందంతా పోయేది. ఎప్పుడైనా సగం మిగిలితే అదే పంపేది. అంతా పోయిన రోజు ఆవిడ లేచి వెళ్ళి గోరువెచ్చని నీళ్ళలో ఉప్పు వేసుకుని పుక్కిలించేది. ఆ పుక్కిలింత శబ్దం వింటుంటే ఆ పెట్టెను బాల్కనీలోంచి కిందికి విసిరెయ్యాలనిపించేది నాకు.

డాబా ఎక్కితే మాకు హైటెక్ సిటీ అద్దాల భవనాలు కనిపిస్తాయి. ఎక్కడెక్కడి దేశాల బ్యాంకులూ, విమానాల టికెట్లూ అక్కడ కూర్చున్నవాళ్ళ చేతుల మీదుగా నడుస్తాయని చెబుతారు. మా అపార్ట్‌మెంట్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి లేని ఫ్లాటు బహుశా మాదొక్కటే. అలాంటి చోట ఒక రిటైర్డ్ టీచరమ్మ ఒక పాఠం పూర్తిగా రికార్డు చెయ్యలేకపోవడమేమిటి?

సాయం చేసేవాళ్ళు లేకనా అంటే, అదీ కాదు. అడగడం ఆలస్యం, వచ్చేవాళ్ళు. మొదట వచ్చింది మూడో అంతస్తు అబ్బాయి, సిద్దిపేట వైపు వాడు. కుర్చీలో కూర్చుంటూనే నవ్వాడు.

"ఏంది అంకుల్, గిదా మీ కంప్యూటర్? దీనికి పింఛను ఇయ్యాలె ముందు."

"మా ఇద్దరికీ వస్తోందిలే బాబూ. దాని సంగతి చూడు" అంది నా భార్య.

"జర ఆగుండ్రి ఆంటీ. ఒక్క సాఫ్ట్‌వేర్ ఏస్త. చెత్తంత ఊడ్సి పారేస్తది. రేపట్నుంచి రాకెట్ లెక్క ఉరుకుతది. ఫికర్ చెయ్యకుండ్రి."

వేశాడు. ఉరకలేదు. తర్వాత అయిదో అంతస్తు అమ్మాయి వచ్చింది. ఆదివారం చర్చి నుంచి వచ్చి, చీరైనా మార్చుకోకుండా మా ఇంటికే వచ్చింది. పాపం, మంచి పిల్ల. "వైరస్ ఉండి ఉంటుందాంటీ. మా ఆయన వాడేది పెడతాను, చాలా స్ట్రాంగ్" అంది. అప్పటికే ఒక యాంటీవైరస్ ఉందని నేనన్నాను. "ఉంటే ఉండనివ్వండంకుల్, ఇద్దరు వాచ్‌మన్లు ఉంటే మంచిదే కదా" అంది. ఇక మా అల్లుడుగారు. కూతురూ ఆయనా కొత్తగూడలో ఉంటారు, ఇద్దరివీ ఐటీ ఉద్యోగాలే. ఒక ఆదివారం భోజనం అయ్యాక అత్తగారు అడిగిందని కంప్యూటర్ ముందు కూర్చుని, ఫైళ్ళన్నీ ఎప్పటికప్పుడు ఇంటర్నెట్‌లో ఎక్కడో భద్రంగా దాచే సాఫ్ట్‌వేర్ ఒకటి పెట్టి వెళ్ళారు. "ఇక మీ రికార్డింగులు పోయే ప్రసక్తే లేదత్తయ్య గారూ" అన్నారు. ఆ మాటకు ఆవిడ కళ్ళు చెమర్చాయి. మర్నాడు మధ్యాహ్నం శాతవాహనులు సగంలో పోయారు.

కొత్తగూడ కూడలి దగ్గర ఒక షాపుకి ఫోన్ చేసి అడిగాను. మోడల్ చెప్పీ చెప్పకముందే "సర్, దానికి మెమరీ చిప్పులు ఇప్పుడు దొరకవ్. కొత్తది తీస్కోండ్రి, అది ఎవరికన్న ఇచ్చెయ్యిండ్రి" అన్నాడు. ఏం చెడిందో చూడకుండానే తీర్పు. ఈ నగరంలో దేన్ని చూపించినా ఇదే మాట. మిక్సీ, గొడుగు, చెప్పులు, చివరికి మోకాలు. బాగుచెయ్యడం అనే మాట పలకడానికే నామోషీ అయిపోయింది జనానికి.

నేను రిటైరయ్యేదాకా పత్రికలో వార్తలు దిద్దే డెస్కు మీద పనిచేశాను. ఆ పని చేసినవాడికి ఒక అలవాటు ఉంటుంది. వార్త పేజీలో పట్టనప్పుడు కాగితం సైజు పెంచమని ఎవరూ అడగరు. లోపల ఏం ఉందో చూస్తారు. ఒకరోజు పొద్దున్నే కంప్యూటర్ ఆన్ చేసి, ఏదీ తెరవకుండా, ఏయే ప్రోగ్రాములు నడుస్తున్నాయో చూపించే తెర పైకి తెచ్చాను. మెమరీలో ముప్పాతిక వంతు అప్పటికే అయిపోయింది. మేమింకా ముట్టుకోనైనా లేదు! ఊడ్చేది ఊడుస్తోంది. వాచ్‌మన్లు ఇద్దరూ ఒకరి జేబులు ఒకరు వెతుక్కుంటున్నారు. భద్రపరిచేదైతే అన్నిటికంటే పెద్ద పీట వేసుకుని కూర్చుంది. నా భార్య ఒక వాక్యం చదివితే చాలు, అది ఆ వాక్యాన్ని మోసుకుపోవడానికి పరుగెత్తేది. దాన్ని సోదా చెయ్యడానికి వాచ్‌మన్లిద్దరూ వెంటపడేవారు. పాఠం ఎక్కడ పడుతుంది ఆ తొక్కిసలాటలో? కాపాడతామని వచ్చినవే దాన్ని తొక్కి చంపుతున్నాయి.

ఆవిడను పిలిచి చూపించాను.

"ఇదిగో, ఇది మూడో అంతస్తు. ఇది అయిదో అంతస్తు. ఇది..."

"అల్లుడుగారిది" అంది ఆవిడ.

"మూడూ తీసేస్తున్నా."

నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ఊరుకోండి. పనులు మానుకుని వచ్చి పెట్టారు వాళ్ళు. రేపు వచ్చి చూస్తే ఏమనుకుంటారు?"

"ఏమైనా అనుకోనీ."

"మూడో అంతస్తు అబ్బాయి లిఫ్టులో కనిపించినప్పుడల్లా అడుగుతాడు, ఎలా పనిచేస్తోందాంటీ అని. ఏం చెప్పను? అయినా, అల్లుడుగారు పెట్టింది తీసేస్తారా ఎక్కడైనా?"

ఇంగ్లీషు రాని పెద్దావిడ అమాయకత్వమని అనుకోవద్దు. అన్నీ తెలిసి అన్నదే. మా షోకేసులో పింగాణీ హంసల జత ఒకటుంది. ఒకదాని మెడ విరిగితే అతికించాం. అందంగా ఉంటాయని కాదు, ఇచ్చినవాళ్ళు ఎప్పుడైనా వస్తే ఎదురుగా కనిపించాలని. గృహప్రవేశానికి వచ్చిన గోడగడియారాలు మూడు గదుల్లో మూడు టైములు చూపిస్తూ వేలాడుతున్నాయి. మావైపు ఇళ్ళన్నిట్లో ఇంతే. ఇచ్చినవాళ్ళు బతికుండగా ఇచ్చిన వస్తువు చావకూడదు. అందులోనూ అల్లుడు! ఆయన కూర తిని ఉప్పు తక్కువైందని అనకపోయినా మళ్ళీ వండే ఇల్లు మాది. ఆ మర్యాద షోకేసు దాటి కంప్యూటర్ లోపలికి కూడా వెళ్ళింది.

సరే, తీసెయ్యకుండా రికార్డింగు ముందు ఆపుదామన్నాను. దానికి ఒప్పుకుంది. ఒక్కోదాని పేరు మీద నొక్కి ఆపాను. మూడూ మాయమయ్యాయి. ఆవిడ గొంతు సవరించుకునేలోగా ఒకటి తిరిగొచ్చింది. దాని వెనకే రెండోది. వాటిని ఎవరు పిలిచారు? నా ఇంట్లో, నా కరెంటుతో నడుస్తూ, పొమ్మంటే పోకుండా, కుడివైపు మూల నుంచి "మీ కంప్యూటర్ సురక్షితంగా ఉంది" అని నాకే భరోసా ఇస్తున్నాయి. ఇంటికొచ్చిన చుట్టమైనా రెండుసార్లు ఆవులిస్తే లేచి చెప్పులు వేసుకుంటాడు.

ఆ వారం ఆవిడ పెద్ద పాఠం ఒకటి మొదలుపెట్టింది, సాయుధ పోరాటం గురించి. అమ్మాయి ప్రత్యేకంగా అడిగిన పాఠం. పరీక్షలో తప్పక వస్తుందట. గుమ్మం బయట నాకు లోపలి గొంతు వినిపిస్తూనే ఉంది. గడగడా సాగిపోతోంది. చివరి పేజీ తిప్పిన చప్పుడు కూడా విన్నాను. తర్వాత నిశ్శబ్దం. లోపలికి వెళ్తే తెర మీద ఆ సందేశం, దాని ముందు చెమటతో తడిసిన జాకెట్టుతో ఆవిడ.

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. అమ్మాయి. ఆవిడ స్పీకర్ పెట్టింది.

"మేడం, బిజీ ఉన్నరా? ఆ పాఠం అయిందా అని..."

"లేదమ్మా. మళ్ళీ పోయింది."

అటునుంచి, హాస్టల్లో ఎవరో బకెట్టు ఈడుస్తున్న చప్పుడు వినిపించింది.

"పర్వాలేదు మేడం. మీరు పరేషాన్ గాకుండ్రి. ఎంత ఉంటే అంతే చదువుకుంట. మిగిలింది విడిచిపెడ్త."

ఫోన్ పెట్టేశాక కూడా ఆవిడ దాన్ని చేతిలోనే పట్టుకుని ఉంది. "విడిచిపెడుతుందట" అంది. "మొహమాటం, పాపం. నన్ను నొప్పించకూడదని మార్కులు వదులుకుంటోంది." వెంటనే అదే ఫోన్లోంచి కొత్తగూడకు కలిపింది. అల్లుడుగారితో ఆవిడ అంత తిన్నగా మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు.

"బాబూ, మీరు పెట్టిన ఆ సాఫ్ట్‌వేర్ తీసెయ్యాలి. ఎప్పుడొస్తారు?"

ఆయన ఆ సాయంత్రమే ఆఫీసు నుంచి నేరుగా వచ్చారు, మెడలో కార్డుతోనే. కాఫీ కూడా ముట్టకుండా తెర వంక చూసి తల పట్టుకున్నారు.

"ఇదింకా ఉంచారా అత్తయ్య గారూ? మా లాప్‌టాప్‌లోంచి నేనెప్పుడో తీసేశాను. భయంకరంగా తింటుందండి ఇది."

"మరి మాకెందుకు పెట్టారు?" అన్నాను. గొంతు పెరిగిందని నాకే తెలిసింది.

ఆయన కాస్త ఇబ్బంది పడ్డారు. "అంటే మావయ్య గారూ... భోజనం పెట్టి, అత్తయ్య గారు కాస్త చూడమన్నారు. చూస్తే ఏం చెయ్యాలో అప్పటికప్పుడు తోచలేదు. ఏదీ చెయ్యకుండా లేస్తే బాగుండదు కదండీ. ఏదో ఒకటి పెట్టి..."

"ఆ మిగతా రెండూ కనపడలేదా మీకు?"

"కనపడ్డాయండి. పైవాళ్ళెవరో పెట్టారన్నారు కదా. నేను తీస్తే వాళ్ళేమైనా అనుకుంటారని."

ఒకరు బాగుండదని పెట్టారు, ఒకరు బాగుండదని ఉంచారు, ఆ పిల్లేమో బాగుండదని పాఠమే వదులుకుంటానంది. ఇంత చదువుకుని, పగలూ రాత్రీ కంప్యూటర్లతో బతుకుతూ, "నాకు తెలియదండి" అనే ఒక్క మాట అనలేకపోయారే వీళ్ళెవరూ! ఆ మాట అని ఉంటే నా భార్యకు ఎన్ని మధ్యాహ్నాలు మిగిలేవి? పత్రికాఫీసులో కూడా చూశాను ఇలాంటిది. వార్త అందరి చేతుల్లోంచీ వెళ్తుంది, ప్రతివాడూ తన గుర్తుగా ఒక వాక్యం చేరుస్తాడు. కొట్టేసేవాడు ఒక్కడు లేకపోతే, చివరికి అసలు వార్తకే చోటుండదు. మా డెస్కు జీతం తీసుకుంది ఆ కొట్టివేతకే.

"మూడూ తీసెయ్యండి. కంప్యూటర్‌తోపాటు వచ్చిన యాంటీవైరస్ ఒక్కటి చాలు. పైవాళ్ళకు నేను చెప్పుకుంటాను" అన్నాను.

తీశారు. ఆన్ చెయ్యగానే వాటంతటవే లేచే మరికొన్నిటిని కూడా ఆపారు. మళ్ళీ ఆన్ చేస్తే మెమరీలో సగానికి పైగా ఖాళీగా కనిపించింది. కొత్త చిప్పు లేదు, కొత్త కంప్యూటర్ లేదు. ఆ ఖాళీ మొదటినుంచీ మాదే. మర్నాడు లిఫ్టులో మూడో అంతస్తు అబ్బాయి, "ఎట్లుంది అంకుల్, ఉరుకుతుందా?" అన్నాడు. నీది తీసేశాక ఉరుకుతోందని చెప్పాను. కిందికి దిగేవరకూ అంకెల వైపు చూస్తూ నిలబడ్డాడు. మంచిదే, చూడనీ.

సాయుధ పోరాటం ఆ మధ్యాహ్నమే పూర్తయింది. తర్వాత మిగిలినవి ఒకదాని వెంట ఒకటి వెళ్ళాయి. చివరి పాఠం పంపిన రెండు రోజులకు అమ్మాయి ఫోన్ చేసింది.

"మేడం, ఒకటి చెప్తే ఏమనుకోరు కదా?"

"చెప్పమ్మా."

"కాకతీయులది, ఆ పాతది, సగం వచ్చింది కదా ముందుగాల. అందుల చాన స్పీడ్ చదివిన్రు మేడం. ఎవరో తరుముతున్నట్టు. నాకు ఒక్క ముక్క గూడ ఎక్కలేదు. మళ్ళ చదువుతరా, జర నిమ్మళంగ?"

నా భార్య నా వైపు చూసింది. అప్పుడర్థమైంది నాకు, గుమ్మం బయట విన్న ఆ గడగడ ఏమిటో. మెమరీ అయిపోయేలోగా పాఠం ముగించాలని ఆవిడ పరుగెత్తింది. జీవితమంతా పిల్లలకు నిదానంగా చదవమని చెప్పిన మనిషి.

"ఎందుకు చదవనమ్మా, ఇవాళే చదువుతాను" అంది. ఫోన్ పెట్టేసి, చిన్నపిల్లలా నవ్వుతూ లేచింది. "బాగా అడిగింది, చూశారా?" అంటూ కిటికీలు మూయడం మొదలుపెట్టింది. నేను కాలింగ్ బెల్ స్విచ్ తీసి, కుర్చీ గుమ్మం బయటికి లాక్కున్నాను.