దూడకు దక్కని జున్నుపాలు

మా చిన్నప్పుడు... గేదె ఈనిందన్న సంగతి, దూడ కాళ్ల మీద నిలబడక ముందే వీధంతా తెలిసిపోయేది. పాకలో నాయనమ్మ ఇంకా పాలు పితుకుతూ ఉండగానే పక్కింటి సుగుణమ్మ పిన్ని గోడ మీదుగా గిన్నె చాపేది.

"అత్తయ్యగారూ, మా వాటా జున్నుపాలు మర్చిపోకండేం!"

"నీ గిన్నె చూస్తే గేదే బెదిరిపోద్దే. చిన్నది పట్రా" అనేది నాయనమ్మ.

మాది ఆకివీడుకు దగ్గరలో, కాలువ గట్టున ఉన్న చిన్న ఊరు. ఇంటికి ఒక్కటే గేదె... ఈనిన రోజున మొదటి పాలు ఇంటింటికీ పంపడం మా వీధి మర్యాద. పుచ్చుకున్నవారు గిన్నెను ఖాళీగా తిరిగి ఇచ్చేవారు కాదు; గుప్పెడు బియ్యమో, చిన్న బెల్లం ముక్కో వేసి ఇచ్చేవారు. బెల్లం, మిరియాల పొడి కలిపి ఆవిరి మీద ఉడికించిన ఆ జున్ను కోసం మేము బడి కూడా మానేసేవాళ్లం.

దూడ మాత్రం ఆ పాలకు దూరంగా, గుంజకు కట్టి ఉండేది. గేదెకు మాయ, అంటే కడుపులో దూడను మోసిన పొర, పడేదాకా దాన్ని పొదుగు దగ్గరకు రానిచ్చేవారు కాదు.

"ముందే తాగిస్తే మాయ లోపలే ఉండిపోద్ది. పైగా ఆ చిక్కటి పాలు దూడ కడుపుకి పడవు, పారుకుంటది" అనేది నాయనమ్మ. అది ఆవిడకు అత్తగారు చెప్పిన మాట... ఆ అత్తగారికి వాళ్ల అత్తగారు చెప్పిన మాట.

నాకు తొమ్మిదేళ్లప్పుడు పుట్టిన పెయ్యదూడకు నేను చుక్కి అని పేరు పెట్టాను. దాని నుదుటి మీద తెల్లటి చుక్క ఉండేది. తెల్లవారుతూనే పుట్టింది. ఆ రోజు మాయ పడేసరికి పొద్దు వాలిపోయింది. అప్పటికి చుక్కి అరిచి అరిచి పడుకుంది... మేము రెండేసి గిన్నెల జున్ను తిని ఉన్నాము.

మూడో రోజున పారుడు మొదలైంది. తెల్లగా, సున్నపు నీళ్లలాగా, భరించలేని వాసనతో. తోక, వెనక కాళ్లు తడిసి అంటుకుపోయాయి. పాలు ఎక్కువయ్యాయని నాయనమ్మ ఇస్తున్న కాసిని పాలు కూడా ఆపించి, దానిమ్మ తొక్క కషాయం పోసింది. మర్నాటికి కళ్లు లోపలికి పోయాయి. చెవులు చల్లబడ్డాయి. నోట్లో వేలు పెట్టినా చీకడం మానేసింది. ఐదో రోజు ఉదయం చుక్కి లేవలేదు...

ఎదురుగా దూడ లేకపోతే గేదె పాలు చేపదు, పొదుగు నుంచి వదలదు. అందుకని చుక్కి చర్మం వలిపించి, ఉప్పు రాసి ఆరబెట్టి, లోపల గడ్డి కూరి కుట్టించారు. మా ఇంట్లో దాన్ని తోలుదూడ అనేవాళ్లం. రెండు పూటలా దాన్ని ఎత్తుకెళ్లి గేదె ముందు నిలబెట్టడం నా పని. గేదె దాన్ని నాకుతూ నిలబడేది... పాలు చేపేది. నాకగా నాకగా నుదుటి చుక్క దగ్గర వెంట్రుకలన్నీ రాలిపోయాయి. ఆ తరువాత నేను ఏ దూడకూ పేరు పెట్టలేదు.

ఇది జరిగిన పన్నెండేళ్లకు... రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో... పగలు రొయ్యల షెడ్డులో పని చేస్తూ, సాయంత్రాలు చర్చి హాల్లో నడిచే రాత్రి బడిలో పదో తరగతి చదివాను. చెప్పుకోవడానికి నాకు సంకోచం లేదు. తరువాత డిగ్రీ కూడా ఆ విధంగానే పూర్తి చేశాను.

ఒకనాడు మాస్టారు సూక్ష్మజీవుల పాఠం చెబుతూ దూడల పారుడు ప్రస్తావన తెచ్చారు. అప్పుడే పుట్టిన దూడకు రోగాన్ని తట్టుకునే శక్తి అంతగా ఉండదనీ, అది తల్లి మొదటి పాల ద్వారానే అందుతుందనీ, ఆ పాలను మొదటి కొన్ని గంటల్లోనే పట్టించాలనీ, ఆలస్యమైతే పేగులు ఆ శక్తిని లోపలికి తీసుకోలేవనీ వివరించారు. అందరూ రాసుకున్నారు. నేను రాసుకోలేకపోయాను.

ఆ యేడే మా ఇంట్లో గేదె ఈనింది. మాయ ఇంకా పడలేదు. నేను పొదుగు శుభ్రంగా కడిగి, దూడ నోటికి చన్ను అందించాను.

నాయనమ్మ చెంబు పట్టుకుని పాక వాకిట్లోనే ఆగిపోయింది. "ఏంటే ఆ పని! దానికేమన్నా అయితే?"

"ఏమీ కాదు నాయనమ్మా. ఈ పాలు ముందు దానికే."

గోడ అవతలి నుంచి సుగుణమ్మ పిన్ని అందుకుంది. "ఏమ్మా పంతులమ్మా, మాకు జున్ను పెట్టొద్దని కూడా మీ బళ్లో చెప్పారా?"

"దూడ తాగగా మిగిలింది నీకే పిన్నీ. ఈసారికి చిన్న గిన్నె తెచ్చుకో."

మధ్యాహ్నానికల్లా మాయ దానంతట అదే పడింది. రెండో రోజున... దూడ పలచగా పేడ వేసింది. నాయనమ్మ నా ముఖం చూసింది. ఈ దూడ కూడా పోతే చదువు మాట ఆ ఇంట్లో ఇక ఎవరూ వినరు... నేను కూడా నమ్మను.

పశువుల డాక్టరు గారిని అడిగివచ్చాను. ఆయన చెప్పినట్లే పాలు ఆపనివ్వలేదు. కాచి చల్లార్చిన నీళ్లలో ఉప్పు, పంచదార కలిపి మధ్య మధ్యలో పట్టించాను. తడిసిన గడ్డి తీసేసి పొడి గడ్డి పరిచాను. షెడ్డుకు రెండు రోజులు వెళ్లలేదు.

నాలుగో రోజున దూడ తాడు విడిపించుకుని పెరళ్లన్నీ తిరిగింది. సుగుణమ్మ పిన్ని ఆరేసిన చీరను తొక్కేసింది. "నీ చదువంతా నా చీర మీదే చూపించావే!" అని తిడుతూనే పిన్ని నవ్వింది.

నాయనమ్మ నవ్వలేదు. దూడనే చూస్తూ అడిగింది. "అయితే... ఆ రోజు మనం తిన్న జున్ను... చుక్కిదా?"

ఆ పేరు ఆవిడకు గుర్తుందని నాకు అప్పటిదాకా తెలియదు.

"అప్పుడు మనకి తెలీదు కదా నాయనమ్మా" అన్నాను.

ఆవిడ బతికినన్నాళ్లూ మా పాకలోకి దూడ తాగాకే చెంబు వచ్చేది. వీధికి జున్నుపాలు పంపడం మానలేదు. తాను మాత్రం మళ్లీ జున్ను ముట్టలేదు.

ఇప్పుడు మా పాక వెనక గడ్డి నేలంతా చేపల చెరువు... వీధి మొత్తానికి ఒక్క గేదె లేదు. జున్ను రోడ్డు పక్కన ముక్కలుగా కోసి అమ్ముతున్నారు. మొన్న ఒకసారి కొనబోయి, "దీని దూడ తాగిందాండీ?" అని అడిగాను. అమ్మే అతను నన్ను వింతగా చూశాడు.

మీ ఇళ్లల్లో గేదె ఈనిన రోజున మొదటి పాలు ఎవరికి దక్కేవి? గుర్తున్నవారు చెప్పండి... దూడ పేరు గుర్తుంటే, అది కూడా.