రేపల్లె నుంచి బాపట్లకు ఒక పాత సీసా

“ఎందుకు కుదిపావక్కా? ఒళ్ళోంచి కదపొద్దని ఇంటి దగ్గర ఎన్నిసార్లు చెప్పాను?”

“అడుగున మడ్డి దిగింది, దిగితే కుదపరా? ముప్పై ఏళ్ళు తమలపాకు తోటకి బోర్డో మందు కలిపినదాన్ని. కలపకుండా కొడితే సున్నమంతా అడుగునే ఉండిపోదూ?”

“అది తోటకి కొట్టేది తల్లీ! ఇది తాగేది, మడ్డి కలిస్తే చేదైపోతుంది!”

“తాగేదైతే మరీ కుదపాలి. దగ్గుమందు సీసా మీద ఏం రాస్తారు?”

తెనాలి స్టేషన్లో బాపట్ల పాసింజరు కోసం ఎదురుచూస్తూ నేనూ మా తమ్ముడు ప్రసాదూ పడిన పోట్లాట ఇది. పక్క బెంచీవాళ్ళు టిఫిన్ తినడం ఆపి మరీ విన్నారు.

తమ్ముడు వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరయ్యాడు. ఉద్యోగంలో ఉండగా ఫ్రాన్సు నుంచి ఒక పెద్దమనిషి కొల్లూరు లంకల్లో అరటి తెగులు చూడటానికి వచ్చాడు. వీడూ, తోటి ఉద్యోగి సాంబశివరావు గారూ ఆయన్ని వారం రోజులు తిప్పి చూపించారు. వెళ్ళేటప్పుడు ఆయన ఇద్దరికీ కలిపి ఒక ఎర్ర వైను సీసా ఇచ్చాడు. బోర్డో అనే ఊరి పక్కన, రాజుల నాటి ద్రాక్షతోటలో చేసిందట. మన బోర్డో మందు పుట్టిందీ ఆ తోటల కోసమేనట. ఇరవై ఏళ్ళు ఆగి ఇద్దరూ కలిసి తాగమన్నాడట. ఇరవై దాటి ముప్పై అయింది, సీసా రేపల్లెలో తమ్ముడి ఫ్రిజ్జులో వంకాయల పక్కన పడుకునే ఉంది. మొన్నామధ్య బాపట్లలో సాంబశివరావు గారికి పక్షవాతం వచ్చింది. మాట కూడదీసుకుని ఫోనులో ఆయన అడిగిన మొదటి సంగతి, “సీసా ఉందా?” అని.

తమ్ముడికి చేతులు వణుకుతాయి. అందుకే కొల్లూరు నుంచి నన్ను పిలిపించాడు. అలాంటివి ముట్టనన్నాను. “తాగొద్దక్కా, పట్టుకో చాలు” అన్నాడు.

పొద్దున ఏడింటికి రేపల్లెలో బండెక్కాం. ఈ దారిన వెళ్ళేవాళ్ళు ఇంటి దగ్గరే పెరుగన్నం కట్టుకుంటే తెనాలిలో కొనే పని ఉండదు. సీసాకి తువ్వాలు చుట్టి ఒళ్ళో నిలబెట్టుకున్నాను. ఎదుటి సీట్లో బురఖా వేసుకున్న అమ్మాయి అడిగింది.

“ఏంటి నానమ్మా, పసిబిడ్డని పట్టుకున్నట్టు పట్టుకున్నారు?”

“కషాయం తల్లీ, జబ్బు మనిషికి.”

“మా అబ్బాకీ కావాలండి. ఎన్నాళ్ళు పడుతుంది చెయ్యడానికి?”

“ముప్పై ఏళ్ళు.”

తమ్ముడు కిటికీ వైపు తిరిగి నవ్వుకున్నాడు. ఆ నవ్వు తెనాలి దాకానే. అక్కడ తువ్వాలు సర్దబోతే ఎండలో మడ్డి కనిపించింది, నా చేతులు వాటంతట అవే కుదిపేశాయి.

బాపట్ల చేరేసరికి పన్నెండు. సాంబశివరావు గారు దిండ్లకి ఆనుకుని కూర్చున్నారు. సీసా వెలుతురుకి పట్టి చూస్తే వరద నీళ్ళలా ఉంది.

“తప్పు నాదేనండి” అన్నాను.

ఆయన వంకరపోయిన మూతితోనే నవ్వారు. “ముప్పై ఏళ్ళు ఆగాం... ఒక్క రోజు ఆగలేమా, అక్కగారూ?”

సీసాను గది మూల నిలబెట్టి, అటు ఎవరూ నడవకుండా పీట అడ్డం వేసుకుని సాయంత్రం దాకా నేనే కూర్చున్నాను.

మర్నాడు పొద్దున చూస్తే మడ్డంతా అడుగుకి దిగింది. బిరడా తీసే పనీ నాకే పడింది. సగం పొడిపొడిగా రాలింది. కాచిన నెయ్యి గసి కదలకుండా వంపుతాం చూడండి, అలా గాజు జగ్గులోకి వంపాను. పాత ఇటుక రంగు. పొగాకు ఆరబెట్టే బేరను కొట్టు తలుపు తీసినప్పటి వాసన, దాని వెనకే తడిసిన మట్టి వాసన.

డాక్టరు రెండు చెంచాలకే ఒప్పుకున్నాడట. తమ్ముడు పట్టబోతే చెంచాలోది ఒలికింది. నేను తీసుకుని పట్టాను. సాంబశివరావు గారు కళ్ళు మూసుకుని చాలాసేపు నోట్లోనే ఉంచుకున్నారు.

“ఉంది, రుచి పోలేదు” అన్నారాయన.

తమ్ముడు కండువాతో మొహం తుడుచుకున్నాడు. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తానూ తాగాడు. నన్ను ఎవరూ అడగలేదు, నేనే ఒక చెంచా వేసుకున్నాను. ముందు పులుపు, తర్వాత నేరేడు వగరు, మింగాక లేత వక్క నమిలినట్టు. తీపి అన్నమాటే లేదు. ఇంతమాత్రానికి ఇన్నేళ్ళా అనుకుంటూనే రెండో చెంచా వేసుకున్నాను.

పదింటి బండికి బయలుదేరాం. ఖాళీ సీసా నువ్వుల నూనెకి పనికొస్తుందని అడిగి తెచ్చుకున్నాను. నిడుబ్రోలు దాటాక నేను సీసా మూతి దగ్గర వాసన చూస్తుంటే తమ్ముడు అడిగాడు.

“కడిగావా అక్కా?”

“ఇంటికెళ్ళాక కడుగుతాలే” అన్నాను.