బాపు రెండు వేళ్ళు

మా బాపు గుర్రాల మొహాలకు తోలుపట్టీలు, లగాములు కుట్టేవాడు. కరీంనగర్‌లో టాంగాలు తిరిగిన రోజుల్లో మొదలుపెట్టాడు. టాంగాలు పోయాక పెళ్ళి ఊరేగింపు గుర్రాలకూ, ఆదిలాబాద్ దిక్కు నుంచి సామాను మోసుకుంటూ వచ్చే గొర్రెల కాపరుల గుర్రాలకూ కుట్టాడు. మా ఇల్లంతా తంగేడు బెరడుతో పదునుచేసిన తోలు వాసన, దాని మీద ఆముదం వాసన. బడిలో ఎవరైనా నన్ను చూసి ముక్కు మూసుకుంటే వీపు విమానం మోత మోగించి వచ్చేదాన్ని. ఇప్పుడు అదే వాసన దారిలో ఎక్కడైనా తగిలితే కాళ్ళు ఆగిపోతాయి.

తాడుతో కొలత తీసి పంపితే బాపు కుట్టేవాడు కాదు. గుర్రం మా వాకిట్లోకి రావాల్సిందే. "చెప్పు కరిస్తే నువ్వు నన్ను తిడతవ్. పట్టీ కరిస్తే అదేం తిడతది?" అనేవాడు. కుట్టడం అయ్యాక ముక్కు మీది పట్టీ కింద తన రెండు వేళ్ళు దూర్చి, గుర్రానికి బెల్లం ముక్క పెట్టేవాడు. అది నములుతుంటే వేళ్ళు నలగకూడదు. నలిగాయా, పట్టీ విప్పేసి మళ్ళీ మొదటి నుంచి.

దారానికి మైనం రాయడం నా పని. రాసీ రాసీ, ఒకరోజు తోలుకు బెజ్జాలు పొడిచే ఆరె కూడా నా చేతికొచ్చింది. నన్ను కన్న అవ్వ ఊరుకుంటుందా!

"ఆడపిల్ల చేతికి ఆరె ఇస్తివి, రేపు దీన్ని ఎవడు చేసుకుంటడు?"

"చేసుకున్నోడు భయానికన్న మంచిగ సూసుకుంటడు తీ," అని బాపు నవ్వాడు.

చేసుకున్నాయన పెళ్ళయిన ఏడాదికే మస్కట్ పోయాడు. భయంతో కాదు లెండి, కంపెనీ వీసా వచ్చింది. నేను బాపు ఇంటి వెనక గల్లీలోనే ఉండిపోయాను.

ఆ తర్వాత కొన్నేళ్ళకు బాపుకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. మాట తిరిగి వచ్చింది గానీ చెయ్యి రాలేదు. ఎవరైనా పలకరించడానికి వస్తే ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని పైన తువ్వాల కప్పుకునేవాడు. అన్నం కూడా మా ముందు తినేవాడు కాదు. అది చూస్తే నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చేవి.

అట్లాంటి రోజుల్లో హుస్నాబాద్ నుంచి పెళ్ళి గుర్రాలాయన తన తెల్ల గుర్రాన్ని ఆటో ట్రాలీలో ఎక్కించుకుని వచ్చాడు. నైలాన్ పట్టీ ఒరుసుకుని దాని ముక్కు మీద పుండు పడింది.

"కాకా, జర నువ్వే కుట్టియ్యాలె. నీ పట్టీ ఉన్నన్ని దినాలు దీనికి గీత సుత పడలే."

బాపు తువ్వాల వైపు చూసుకున్నాడు.

"నేను కుడత, అన్నా. పుండు మానినంక తోల్కరా," అన్నాను నేను.

పది రోజులు కూర్చున్నాను. బాపు మంచం మీది నుంచి ప్రతి కుట్టూ చూశాడు. "దారం గుంజు... గంత గుంజకు... తోలుకు ఊపిరాడాలె." పాత బాపు దొరికాడనిపించి, తిట్లన్నీ సంతోషంగా పడ్డాను.

గుర్రం వచ్చింది. పట్టీ కట్టాను. నా రెండు వేళ్ళు సులువుగా దూరాయి. బెల్లం పెట్టాను. అది ఒక్కసారి నమిలి, తల విదిలించి, బెల్లాన్ని చొంగతో సహా కింద వదిలేసింది. మళ్ళీ పెట్టినా అంతే. గుర్రాలాయన మొహం వాడిపోయింది.

"పోనీ తీ చెల్లె. నైలాన్‌దానికే గుడ్డ చుట్టుకుంట."

నా పని చెడిందని కాదు, బాపు ముందు చెడిందే అని నా బాధ. అప్పుడు బాపు తువ్వాల తీసి పక్కన పడేశాడు.

"నీ వేళ్ళు సన్నయి బిడ్డా. నావి పెట్టు."

ఇంత చిన్న సంగతి నా బుర్రకు తట్టలేదు చూడండి! గుర్రాన్ని మంచం దగ్గరికి తెచ్చాం. ఇంతకాలం ఎవరికీ చూపించని ఆ చేతిని నా చేతుల్లోకి తీసుకున్నాను. లావుపాటి వేళ్ళు, చల్లగా ఉన్నాయి. పట్టీ కింద దూరనే లేదు. అక్కడే కూర్చుని పట్టీ విప్పి, పొడుగు పెంచి మళ్ళీ కుట్టాను. ఈసారి వేళ్ళు దూరాయి. గుర్రం బెల్లం కరకరా నమిలింది.

"తెలుస్తుందా బాపు?"

"నాకేం తెలుస్తలేదు. నలుగుతున్నయా, నువ్వే సూడు."

"నలుగుతలెవ్వు."

బాపుకు కళ్ళ నీళ్ళు కారాయి, తుడుచుకోలేదు. ఆ రోజు నుంచి తువ్వాల కప్పుకోవడం మానేశాడు. గుర్రం వస్తే చాలు, చెయ్యి తనే ముందుకు జరుపుకునేవాడు.

ఒకసారి అన్నాడు: "నా వేళ్ళు తోలుముక్క మీద పెట్టి, గంత వెడల్పు కోసి కొలతకు పెట్టుకో. ఎల్లకాలం ఉంటనా?"

నాకు ఎక్కడలేని మంట పుట్టింది. "నువ్వుండంగ ముక్కెందుకు? గసువంటి మాటలు నా ముంగట మాట్లాడకు," అని తోలు కోసే రంపె విసిరికొట్టి లేచిపోయాను. బాపు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

బాపు పోయి మూడేళ్ళు. ఏడాదికి నాలుగైదు గుర్రాలు వస్తాయి. మొన్న నిర్మల్ దిక్కు నుంచి ఒక కాపరి వచ్చాడు. నేను పట్టీ కింద మూడు వేళ్ళు దూర్చడం చూసి, "మీ బాపు రెండే పెడుతుండె గదా," అన్నాడు.

"ఆయనవి రెండంటే నావి మూడు," అన్నాను.

ఇంచుమించు అంతే. సరిగ్గా ఎంతో నాకు తెలియదు. ఆ రోజు ఆ ముక్క కోసి పెట్టుకోవాల్సింది.