ఏడో ప్రశ్న

చొక్కాల ఫ్యాక్టరీలో ఆమెను అందరూ గుండీలక్క అనేవారు. పద్నాలుగేళ్లుగా గుండీలు కుట్టే మిషనే ఆమె లోకం. పక్క మిషన్ మీద కాలర్లు కుట్టేది ఆమె వదిన, సొంత అన్న భార్య.

సూపర్‌వైజర్ పోస్టుకు పరీక్ష పెడుతున్నారని తెలిసి ఇద్దరూ పేర్లిచ్చారు. కుట్టుపని ప్రశ్నలు సరే, రీజనింగ్ అనేసరికి గుండీలక్కకు గుండె జారింది.

"అన్ని కుక్కలూ బల్లలట, కొన్ని బల్లలు చెట్లట. ఇదేం గోల వదినా?" అని తల పట్టుకుంది. చివరికి కుక్కల్ని వదిలేసి ఒక్కో గుంపుకు ఒక్కో డబ్బా మూత అనుకుని, వాటిలో గుండీలు పోసి సాధన చేసింది. నెల తిరిగేసరికి మూతలతో పనిలేకుండానే జవాబు చెప్పగలిగింది.

ఫలితాల్లో వదిన పేరు మొదటిది. ఒక్క మార్కు తేడాతో గుండీలక్కది రెండోది. పక్కనే సరైన జవాబులూ అంటించారు. ఏడో ప్రశ్న దగ్గర ఆమె కళ్లు నిలిచిపోయాయి. 'కొన్ని చొక్కాలు తెల్లవి' అంటే 'కొన్ని చొక్కాలు తెల్లవి కావు' అని తేలుతుందట! తనేమో తేలదని రాసింది.

గుండీల డబ్బా పట్టుకుని నేరుగా మేనేజరు గదికి వెళ్లింది.

"చూడకుండా మూడు తియ్యండి సార్" అంటూ మూత కొంచెం జరిపింది.

తీశాడు. మూడూ తెల్లవే.

"కొన్ని తెల్లవని తేలింది కదా. మరి తెల్లవి కానివి ఉన్నాయంటారా?"

"ఎందుకుండవు?"

"మూత పూర్తిగా తీసి చూడండి."

డబ్బా నిండా తెల్లవే. మేనేజరు జవాబు పత్రాలన్నీ మళ్లీ తెప్పించాడు.

సాయంత్రానికి జాబితా మారింది. మొదటి స్థానంలో తన పేరు చూసి గుండీలక్క కొయ్యబారిపోయింది. తప్పు చూపించాలన్న తొందరే తప్ప, వదిన ఏం రాసిందోనన్న ఆలోచనే ఆమెకు రాలేదు.

"నాకు ఒక్క మాట చెప్పి వెళ్లాల్సింది" అంది వదిన, గేటు దగ్గర.

"నీ మార్కు పోతుందని తట్టలేదు వదినా, ఒట్టు."

"అంత లెక్క తెలిసినదానివి, ఇది తట్టలేదా?"

ఆ రాత్రి గుండీలక్క అన్న దగ్గరికి వెళ్లింది. పోస్టు వద్దని రాసిచ్చేస్తానంటే అన్న కసిరాడు. "జాలిపడి ఇస్తే మీ వదిన తీసుకుంటుందా? నోరు మూసుకుని చేరు."

సోమవారం హాజరు పుస్తకం పట్టుకుని వరుస వెంట నడిచింది. వదిన మిషన్ దగ్గర ఆగింది.

"వచ్చాను మేడమ్" అంది వదిన, తలెత్తకుండా.

ఆ పిలుపు వినగానే గుండీలక్క చేతిలో పెన్ను ఆగిపోయింది. టిక్కు పెట్టాల్సిన గడి ఎక్కడుందో కాసేపటిదాకా కనిపించలేదు.